విత్తనం పొట్లం మీద ఏం రాయాలి?

జిల్లేడు కాయ ఎండి పగిలితే లోపలి నుంచి దూది పింజెలు ఎగరడం మీరందరూ చూసే ఉంటారు. ఒక్కో పింజె అడుగున పలుచని గింజ వేలాడుతూ ఉంటుంది. ఈ జిల్లేడుకు ఉత్తర అమెరికాలో దాయాదులున్నాయి. తుంచితే పాలు కారతాయి కనుక అక్కడివారు వాటిని మిల్క్‌వీడ్ అన్నారు. వీడ్ అంటే కలుపు. ఆ పేరే వాటి కొంప ముంచిందేమో!

మోనార్క్ సీతాకోకచిలుక ఈ మొక్కల మీదే గుడ్లు పెడుతుంది. దాని గొంగళిపురుగుకు మరో జాతి ఆకు పనికిరాదు. శరదృతువులో ఈ సీతాకోకచిలుకలు కెనడా నుంచి, అమెరికా నుంచి దాదాపు 4,000 కిలోమీటర్ల దాకా ఎగిరి మెక్సికో కొండ అడవులకు చేరతాయి. 1996-97 చలికాలంలో అవి అక్కడ సుమారు 18 హెక్టార్ల మేర చెట్లను కప్పేశాయి. 2013-14లో ఒక్క హెక్టారు కూడా లేదు. అడవుల నరికివేత, వాతావరణంలో మార్పులు కొంత కారణం. కలుపుమందుకు తట్టుకునే మొక్కజొన్న, సోయా రకాలు వచ్చాక మందు చల్లితే పైరు నిలిచింది, మిల్క్‌వీడ్ చచ్చింది. ఇది మరో పెద్ద కారణం.

అందుకే అక్కడి బడిపిల్లలు కూడా విత్తనాలు ఏరి పంచుతున్నారు. పిల్లల పని ఏపాటిదని పెదవి విరవకండి. రెండో ప్రపంచయుద్ధంలో జావా బూరుగుదూది రాక ఆగిపోతే, 1944లో అమెరికా పిల్లలు సంచులకొద్దీ మిల్క్‌వీడ్ కాయలు ఏరారు. నావికుల ప్రాణరక్షణ కోట్లలో ఆ దూదినే కూరారు. రెండు సంచుల కాయలకు ఒక కోటు!

ఏరడం కష్టం కాదు. కాయ పగిలే దాకా ఆగాలి. తెల్లగింజ మొలవదు, గోధుమరంగుకు తిరగాలి. కాగితం సంచిలో ఆరబెట్టాలి. అక్కడి జాతులు చాలావాటికి నెల రోజులైనా తడి, చలి తగలనిదే మొలక రాదు.

నా పేచీ పంచడం దగ్గరే. ఎర్రగా, అందంగా పూస్తుందని దక్షిణాది రాష్ట్రాల్లో చాలామంది ఉష్ణమండలపు మిల్క్‌వీడ్ నాటారు. చలి తక్కువచోట అది ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. మోనార్క్‌లను పీడించే ఒక పరాన్నజీవి బీజాలు దాని ఆకుల మీద పేరుకుంటాయి. కొన్ని సీతాకోకచిలుకలు వలస మాని అక్కడే ఉండిపోయి, ఆ జబ్బును తరువాతి తరానికి అంటిస్తాయి. నాటినవాళ్ల మనసు మంచిదే, ఏం లాభం? ఏ జాతి, ఏ ఊరు, ఏ సంవత్సరం - ఈ మూడూ రాయని పొట్లాన్ని నేనైతే ముట్టుకోను.

"మాస్టారూ, మనమూ ఆ విత్తనాలు తెప్పించుకుందామా?" అని మా తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు అడిగాడు. వద్దన్నాను. మోనార్క్ ప్రజాతికే చెందిన నారింజరంగు సీతాకోకచిలుక మన ఊళ్లలో ఉంది. ఇది జిల్లేడు మీద కూడా గుడ్లు పెడుతుంది. పోయినేడు మా బడి ఆవరణ శుభ్రం చేస్తూ జిల్లేళ్లన్నీ నరికించారు. ఆకుల మీద నలుపు, పసుపు, తెలుపు చారల గొంగళిపురుగులున్నాయి. నేను అక్కడే నిలబడి ఉండీ ఆపలేదు.

ఈ ఏడు గోడవారన ఒక మొక్క మళ్లీ చిగిర్చింది. చుట్టూ నాలుగు రాళ్లు పేర్చాం. పాలు కంట్లో పడితే ప్రమాదం, కనుక తుంచకుండానే ఆకుల అడుగున వెతకమని పిల్లలకు చెప్పాను. నిన్నటికి మూడు గుడ్లు కనిపించాయి.