షటిల్ కోర్టు నుంచి కోపంతో వస్తున్నారా?

సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే కాఫీ తాగి, రాకెట్ పట్టుకుని క్లబ్బుకు వెళ్ళే అలవాటు మీకుందా? చాలా మంచిది. రోజంతా కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగాలవారికి షటిల్ చక్కని వ్యాయామం. అయితే ఒక్క ప్రశ్న. ఓడిపోయిన రోజు ఇంటికెలా వస్తున్నారు? పిల్లవాడు లెక్క చెప్పమంటే కసురుతున్నారా? పడుకున్నాక కూడా మీ జోడీ వదిలేసిన ఆ పాయింటే కళ్ళముందు ఆడుతోందా? అయితే మీకు తెలియకుండానే ఆట రెండో ఉద్యోగమై కూర్చుందన్నమాట.

ఈమధ్య ఒకాయన నా దగ్గరకు కుంటుతూ వచ్చారు. వయసు 42. అంతకు వారం ముందునుంచే మడమ పైన నొప్పి, పొద్దున లేవగానే కాలు బిగుసుకుపోవడం. మర్నాడు క్లబ్బు పోటీల్లో సెమీఫైనల్. భార్య వద్దంటున్నా క్రేప్ బాండేజి చుట్టుకుని దిగారు. షటిల్ కోసం ముందుకు దూకబోతే వెనకనుంచి ఎవరో ఫెడీమని తన్నినట్టయిందట. తిరిగి చూస్తే ఎవరూ లేరు! పిక్కను మడమకు కలిపే లావుపాటి నరం తెగింది. వాడుకలో నరమంటాం గాని, కండరాన్ని ఎముకకు కట్టిపట్టే తాడు అది. ఇది తెగితే మళ్ళీ పరుగెత్తడానికి ఆరునెలలైనా పడుతుంది. ఆయన మాత్రం ముందుగా అడిగింది, "వచ్చే పోటీలకు తయారవుతానా డాక్టరుగారూ?" అని. పక్కనున్న ఆవిడ ముఖం చూసి నాకే జాలేసింది.

2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన మన పుల్లెల గోపీచంద్ కూడా అంతకుముందు మోకాలికి ఆపరేషన్ చేయించుకున్నవారే. ఆయనకు ఆటే జీవితం. మీకు పొద్దున్నే ఆఫీసుంది.

కోర్టులోకి వెళ్ళగానే స్మాష్ కొట్టకండి. పది నిమిషాలు చురుగ్గా నడిచి, పిక్కలూ భుజాలూ సాగదీశాక మొదలుపెట్టండి. వారంలో రెండు మూడు రోజులు గట్టిగా ఆడితే చాలు, మిగతా రోజులు నడక. నొప్పి ఉన్న చోట కట్టు కట్టి ఆడడం వైద్యం కాదు. వారానికొక రోజు స్కోరు లెక్కపెట్టకుండా పిల్లలతో ఆడి చూడండి. పందేలు మాత్రం వద్దు. కూల్‌డ్రింకుతో మొదలై ఎక్కడికి పోతాయో మీకూ తెలుసు.

నలభై దాటి కొత్తగా మొదలుపెట్టేవారు, బి.పి., షుగరు ఉన్నవారు ముందుగా డాక్టరుకు చూపించుకోవాలి. ఆడుతుండగా ఛాతీ పట్టేసినట్టున్నా, నొప్పి చేతికో దవడకో పాకినా, చల్లని చెమటలు పోసినా గ్యాస్ అనుకుని సోడా తాగి ఆట పూర్తిచేయబోకండి. స్కోరు 20–20 అయినా సరే! రాకెట్ కింద పెట్టి కూర్చోండి, 108కి ఫోన్ చేయించండి. స్కూటరు మీరే నడుపుకుంటూ ఆసుపత్రికి బయలుదేరకండి.

అన్నట్టు, మన సెమీఫైనల్ ఆయనకు కట్టు విప్పేశాం. ప్రస్తుతం కుర్చీలో కూర్చుని అంపైరింగ్ చేస్తున్నారు. అక్కణ్ణుంచి కూడా అరుస్తూనే ఉన్నారని వాళ్ళావిడ ఫిర్యాదు.