తప్పు దిద్దడం వేరు, వెలివేయడం వేరు



లండన్ మిషన్ వాళ్లు కడపలో పని మొదలుపెట్టింది 1822లో. దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది 1947లో. ఈ రెండు వందల ఏండ్లలో రాజుపాలెం, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో గుడి గోడలు లేచింది మన అవ్వతాతల రెక్కల కష్టంతోనే. శనగ పీకి, పత్తి తీసి తెచ్చిన కూలిలోంచే ఈ పొద్దుకీ కానుక పడుతోంది. కాబట్టి గుడిలో తప్పొప్పుల గురించి మాట్లాడే హక్కు మనది.

గుడిలో శిక్ష ఎవరికి పడుతోంది? కూలోళ్ల పిల్ల ఇష్టపడినోణ్ణి పెళ్లాడితే ఆ ఇంటికి సంస్కారం ఆపుతారు. తాగినోని పేరు సంఘం ముందర చదువుతారు. మరి కోతపండుగ కానుక ఎంత వచ్చింది, ఎట్లా ఖర్చయింది అని అడిగితే? "దేవుని అభిషిక్తుణ్ణి ముట్టొద్దు" అంటారు. దిద్దుబాటంతా కిందికే, పైకి ఒక్క అడుగు పోదు!

ఆ మాట ఉన్న 105వ కీర్తన ముందూ వెనకా చదవండి. కొద్దిమందే ఉండి, సొంత భూమి లేక, దేశం నుంచి దేశానికి తిరుగుతున్న వాళ్లను ముట్టొద్దని దేవుడు రాజులను గద్దించిన సందర్భం అది. భూమి లేనోళ్లకు కాపుగా నిలిచిన మాటను కుర్చీలో ఉన్నోళ్లకు కవచం చేస్తే ఎట్లా?

మేము బడిలో పిల్లోని చేత అక్షరాలు దిద్దిస్తాం. గీత వంకర పోతే చెయ్యి పట్టుకుని సరిచేస్తాం. పలక పగలగొట్టం, పిల్లోణ్ణి బయటికి నెట్టం. మత్తయి 18వ అధ్యాయంలో యేసు చెప్పిన వరస కూడా ఇట్లాంటిదే. మొదట ఒంటరిగా చెప్పు. వినకపోతే ఇద్దరు ముగ్గురితో పో. అప్పుడూ వినకపోతే సంఘానికి చెప్పు. దానికీ వినకపోతే సుంకరిలా ఎంచమన్నాడు. ఆ సుంకరులతోనే ఆయన కూర్చుని తిన్నాడు గదా! వెలి అంటే ఏందో ఊరి బయట బతికిన మనకు ఒకరు చెప్పాల్నా? ఆ ఆయుధాన్ని మనమే మనోళ్ల మీద ఎత్తుకుంటే ఎట్లా?

అంతియొకయలో జరిగింది గలతీ పత్రికలో ఉంది. పేతురు అన్యజనులతో కలిసి తినేవాడు. యెరూషలేము నుంచి మనుషులు రాగానే వాళ్లకు భయపడి పక్కకు జరిగాడు. అంత పెద్ద అపొస్తలుణ్ణి పౌలు అందరి ముందర నిలదీశాడు. ఏ తప్పుకు? పంక్తి వేరు చేసినందుకు! ఈ లెక్కన మాలలకొక గుడి, మాదిగలకొక గుడి, చచ్చినాక వేరే సమాధుల తోట పెట్టుకున్న చోటల్లా పౌలు మనల్నీ నిలదీసేవాడే.

సమయానికి ప్రేమతో దిద్దకపోతే ఏమవుతుంది? 2016 ఏప్రిల్‌లో కడప కతోలిక బిషపును, ఒక దళిత బిషపును, ఎత్తుకుపోయి కొట్టి వదిలారు. ఆ కేసులో పోలీసులు అరెస్టు చేసిన వాళ్లలో ఫాదర్లు కూడా ఉన్నారు. 2024 ఏప్రిల్‌లో దక్షిణ ఇండియా సంఘం సినాడు పాలన చూడటానికి మద్రాసు హైకోర్టు ఇద్దరు రిటైర్డు జడ్జిలను నియమించాల్సి వచ్చింది. ఇంట్లో లెక్క చెప్పనోడు కోర్టులో చెప్పుకోవాల్సి వస్తుంది.

"బయటోళ్లకు అలుసైపోతాం, మత ద్వేషులకు కర్ర అందించినట్లవుతుంది" అని కొందరు పెద్దలు భయపడతారు. ఆ భయం ఉత్తది కాదు. కానీ దాచిన పుండు మానదు, కుళ్లుతుంది. లెక్కలు తెరిచి పెట్టిన గుడిని ఎవడు వేలెత్తి చూపుతాడు?

ఇంకొక మాట. ఒంటరిగా చెప్పమన్నారు గదా అని నేరాలు కప్పిపెట్టకూడదు. ఆడబిడ్డ మీద చెయ్యి వేసిన సంగతి కమిటీలో రాజీతో తేలేది కాదు, పోలీస్ స్టేషన్‌కు పోవాల్సిందే. పెద్దల మీద ఫిర్యాదుకు ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలన్న తిమోతి పత్రికే, తప్పు చేసిన వాళ్లను అందరి ముందర గద్దించమని కూడా చెప్పింది. మొదటి సగం చదివి రెండో సగం మింగొద్దు.

మా ప్రతిపాదనలు నాలుగే. మూడు నెలలకొకసారి ఆరాధన అయినాక జమాఖర్చులు గట్టిగా చదవాలి, చదువు రాని అవ్వకు కూడా అర్థమయ్యేట్లు. కమిటీలో సగం మంది ఆడోళ్లు ఉండాలి. ఎవరి మీద మాట వచ్చినా, పాస్టరైనా కూలైనా, వాళ్ల మాట వినకుండా సంస్కారం ఆపొద్దు. తప్పు ఒప్పుకుని వచ్చినోణ్ణి చేర్చుకున్న రోజున అందరూ ఒకే పంక్తిలో తినాలి.

కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత ఊరి దొరలను లెక్క అడగడం నేర్చుకున్న జాతి మనది. మన గుడిలో మన పెద్దలను, గౌరవం తగ్గకుండా, "అయ్యా, ఈ లెక్క ఏంది?" అని అడగలేమా? అడగడం ద్రోహం కాదు. ఆ గుడి మాది, మీరూ మావాళ్లే అని చెప్పడమే. వచ్చే ఆదివారమే అడుగుదాం.

జై భీమ్!