ప్రజాసేవకు శిక్షణ ఎక్కడ మొదలుకావాలి?

మీలో కొందరు ప్రభుత్వ ఉద్యోగం కోసం చదువుతూ ఉండవచ్చు. కొందరు తమ పిల్లలను ఆ దారిలో పెట్టాలని ఆశిస్తూ ఉండవచ్చు. గ్రామ కార్యదర్శి నుంచి కలెక్టరు దాకా ఏ ఉద్యోగమైనా ప్రజల పని చేసిపెట్టే ఉద్యోగమే. ఆ పనికి మన యువతను ఎలా తయారు చేస్తున్నాం? ఈ విషయంలో నా అభిప్రాయాన్ని మీ ముందు ఉంచుతున్నాను. ఒప్పుకోవాలో లేదో చదివాక మీరే నిర్ణయించుకోండి.

ముందు ఢిల్లీని చూద్దాం. ఇక్కడి ఓల్డ్ రాజేంద్రనగర్, ముఖర్జీనగర్ వీధుల నిండా సివిల్ సర్వీసుల శిక్షణ కేంద్రాలే. తెలుగు జిల్లాల నుంచి కూడా ఎందరో డిగ్రీ పూర్తిచేసి ఇక్కడికి వస్తారు. మంచం, బల్ల మాత్రమే పట్టే గదిని అద్దెకు తీసుకుని ఏళ్ల తరబడి చదువుతారు. 2024 జూలై 27న ఓల్డ్ రాజేంద్రనగర్‌లో ఒక శిక్షణ కేంద్రం నేలమాళిగలోకి వాననీరు ఒక్కసారిగా చొరబడింది. అక్కడి గ్రంథాలయంలో ఉన్న ముగ్గురు విద్యార్థులు మరణించారు. వాహనాలు నిలపడానికి, సామాన్లు పెట్టుకోవడానికి అనుమతి ఉన్న చోటును గ్రంథాలయంగా వాడారు. పాలన గురించి చదివే చోటనే ఒక చిన్న నియమం అమలు కాలేదు. ఇది మనం మరచిపోకూడని సంగతి.

2023 సివిల్ సర్వీసుల పరీక్షకు పది లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. చివరకు ఎంపికైనవారు 1,016 మంది. మరి మిగిలినవారికి దక్కినదేమిటి? గదిలో కూర్చుని కంఠస్థం చేసిన విషయాలు పరీక్ష పోగానే చాలావరకు పక్కకు పోతాయి. రేషన్ కార్డు రాని ఇంటికి ఎవరు ఏ కాగితం అడుగుతారో, ఎక్కడ ఆలస్యమవుతుందో వారికి అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

శిక్షణ కేంద్రాలు అక్కరలేదని నేను అనడం లేదు. ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియా విశ్వవిద్యాలయం మైనారిటీ, ఎస్సీ, ఎస్టీ, మహిళా అభ్యర్థులకు వసతితో కూడిన శిక్షణ ఇస్తోంది. 2021 పరీక్షలో దేశంలో మొదటి ర్యాంకు పొందిన అభ్యర్థి అక్కడ చదివినవారే. డబ్బు లేని ఇంటి పిల్లలకు ఇటువంటి ఆసరా ఎంతో అవసరం. కానీ పరీక్షకు సిద్ధం కావడం వేరు, ప్రజాసేవకు సిద్ధం కావడం వేరు.

ఈ తేడా ప్రభుత్వానికి తెలుసు. అందుకే ఎంపికైన అధికారులను మస్సూరీలోని అకాడమీలో పాఠాలతోనే సరిపెట్టరు. కొన్ని రోజులు పల్లెకు పంపి, అక్కడే ఉండి చూసి రమ్మంటారు. ఐ.ఏ.ఎస్. వారికైతే ఆ తరువాత జిల్లాలో సుదీర్ఘ శిక్షణ ఉంటుంది. మంచి పద్ధతే. అయితే అది ఎంపికైన ఆ కొద్దిమందికే, ఎంపిక తరువాతనే ఎందుకు? కాలేజీలో చదివే ప్రతి విద్యార్థికీ ముందే ఎందుకు అందకూడదు?

ఈ ఆలోచన కొత్తది కాదు. జాతీయ సేవా పథకం 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో, 40,000 మంది విద్యార్థులతో మొదలయింది. చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి. ఒక పల్లెలోనో బస్తీలోనో ఏడు రోజుల శిబిరంలో పాల్గొనాలి. ఉద్దేశం గొప్పది. కానీ రోడ్డు ఊడ్చి, మొక్కలు నాటి తిరిగివస్తే ఆ ఊరి సమస్యలు అర్థమవుతాయా?

మరి ఎటువంటి పని ఇవ్వాలి? దీనికి జవాబు మన తెలుగు నేలమీదే ఉంది. గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. కూలీల కుటుంబాల్లో చదువుకున్న యువతీయువకులకు కొద్దిరోజులు శిక్షణ ఇచ్చారు. వారు మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. “మీరు ఎన్ని రోజులు పని చేశారు? ఎంత డబ్బు ముట్టింది?” అని అడిగి, లెక్కలతో సరిచూశారు. తేలిన సంగతులను అందరి ముందు, అధికారుల సమక్షంలో చదివి వినిపించారు. ఒక కాగితం మీది అంకె ఒక మనిషి కూలి అని వారికి ఏ పుస్తకం చెప్పకుండానే తెలిసింది.

డిగ్రీ చదివే ప్రతి విద్యార్థీ ఒక నెల రోజులు ఇలా గడపాలని నా అభిప్రాయం. ఒక పంచాయతీలోనో, ఆరోగ్య కేంద్రంలోనో, రేషన్ దుకాణం దగ్గరో పని జరిగే తీరును చూడాలి, లెక్కలు చదవాలి, జనం మాట వినాలి. దానికి మార్కులూ ఉండాలి. “పరీక్షకు సమయం చాలదు” అని కొందరు అంటారు. కానీ 2013 నుంచి సివిల్ సర్వీసుల మెయిన్ పరీక్షలో 250 మార్కులకు నైతిక విలువల పేపరు ఉంది. దానిలో అధికారికి ఎదురయ్యే చిక్కులనే ప్రశ్నలుగా ఇస్తారు. కాబట్టి ఆ నెల పరీక్షకూ పనికివస్తుంది. ఉద్యోగం రాకపోయినా వృథా కాదు. ఆ యువకుడు తన ఊరికి తిరిగివెళ్లి నలుగురికి అర్జీ రాసిపెట్టగలడు, గ్రామసభలో లేచి ప్రశ్న అడగగలడు.

ఇక మీ సంగతి. మీరు బడి మానవలసి వచ్చింది, మళ్లీ పుస్తకం పట్టారు. కార్యాలయాల ముందు వరుసలో నిలబడి ఉంటారు, “రేపు రండి” అన్న మాట విని ఉంటారు. ఆ అనుభవాన్ని తక్కువగా చూడకండి. రాజేంద్రనగర్‌లో ఎంత ఫీజు కట్టినా అది దొరకదు. దానికి చదువు తోడైతే, బల్లకు అవతల కూర్చునే అర్హత మీకూ ఉంటుంది.

ఆలోచించి రాయండి:
1. మీరు గాని, మీ ఇంట్లోవారు గాని ఒక ప్రభుత్వ కార్యాలయంలో పని చేయించుకున్న తీరును పది వాక్యాల్లో రాయండి.
2. ఆ కార్యాలయంలో మీరే అధికారి అయితే మొదట ఏమి మారుస్తారు? ఎందుకు?