అంగడికి నీడ ఏది?

పెద్ద దుకాణాలకు 1974 నుంచి కళ్లెం వేసిన చట్టాన్ని జపాన్ 2000లో ఎత్తేసింది. ఊళ్ల శివార్లలో మాల్స్ పెరిగాయి. చిన్న పట్టణాల బజారు వీధుల్లో షట్టర్లు దిగడం ఎక్కువైంది. అయినా టోక్యోలో 1578లో మొదలైన సెతగయా బోరోఇచి సంత ఏటా డిసెంబరు, జనవరి నెలల్లో 15, 16 తేదీల్లో కిక్కిరిసిపోతూనే ఉంది.

పాలమూరు అంగళ్లూ అంత గట్టివే. దేవరకద్రలో బుధవారం ఉల్లిగడ్డల వేలం. పెబ్బేరులో శనివారం ఎడ్లు, మేకలు, గొర్ల బేరాలు. ఎద్దు పండ్లు చూసి కొనడం ఏ మాల్‌లో కుదురుతుంది?

కాకపోతే మాల్‌కు ఏసీ, అంగడికి ఎండ. అంగళ్లలో తైబజార్ రుసుము వసూలు చేసే పంచాయతీలు, మున్సిపాలిటీలు అందులో కొంతైనా షెడ్లకు, తాగునీటికి, ఆడవాళ్ల మరుగుదొడ్లకు ఖర్చు పెట్టాలి. వచ్చే ఎండాకాలం లోపే ఆ పని మొదలుపెట్టాలి.