నటుని కన్నీరు ఎవరిది?

రంగస్థలముపై నటుడు విలపించునప్పుడు ఆ కన్నీరు ఎక్కడినుండి రావలెను? ఇది నటులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. బాహ్యక్రియకును అంతరంగభావమునకును గల సంబంధమే ఇందలి విషయము గనుక, జపము, పూజ చేయు ప్రతి సాధకునికి ఇది తన ప్రశ్నయే.

భరతముని అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించినాడు. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము అను ఎనిమిదింటిని సాత్త్వికభావములన్నాడు. కన్నీరు దేహమునుండియే కదా వెలువడునది, దానిని ఆంగికములో ఏల చేర్చలేదు? చేతిని ఎత్తినంత సులభముగా కన్నీటిని రప్పించుట సాధ్యము కాదు. సత్త్వము మనస్సునుండి జనించునది, సమాహితమైన మనస్సునకే అది లభ్యము, అన్యమనస్కునికి కాదని ముని ఆశయము. ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. నటుడు తన ఇంటిలోని మరణమును తలచుకొని ఏడ్వవలెనని ఆయన చెప్పలేదు. ఆయన కోరినది ఏకాగ్రతను. శమాదిషట్కములో వేదాంతులు చెప్పు సమాధానమునకు ఇది అతి సమీపము.

పాశ్చాత్యదేశములలో చర్చ వేరొక మార్గమున నడచినది. ఉత్తమనటుడు తాను ఏమియు అనుభవింపకయే ప్రేక్షకుని కదిలించునని 18వ శతాబ్దపు ఫ్రెంచి తత్త్వవేత్త దిదెరో వాదించినాడు. 1898లో మాస్కో ఆర్ట్ థియేటరును స్థాపించినవారిలో ఒకడైన స్టానిస్లావ్‌స్కీకి ఇది తృప్తినీయలేదు. ఫ్రెంచి మనశ్శాస్త్రవేత్త రిబో రచనలనుండి భావస్మృతి అను తత్త్వమును గ్రహించి, నటుడు తన గతానుభవమును తవ్వి పాత్రకు సమర్పించు అభ్యాసమును ప్రవేశపెట్టినాడు. ఆయన శిష్యుడు మైఖేల్ చెహోవ్ ఒకనాడు తన తండ్రి అంత్యక్రియలను అభినయించి చూపగా గురువు ముగ్ధుడైనాడట. పిదప తెలిసినదేమనగా, ఆ తండ్రి అప్పటికి సజీవుడే! స్మృతి చేయవలసిన పనిని కల్పన చేసినది. 1930ల నాటికి స్టానిస్లావ్‌స్కీయే భావస్మృతికి ప్రాధాన్యము తగ్గించి, పాత్ర చేయు భౌతికక్రియలను సత్యముగా ఆచరించినచో భావము తనంతట అనుసరించునని బోధింపసాగినాడు.

1934లో పారిస్‌లో ఆయనను దర్శించిన అమెరికా నటి స్టెల్లా ఆడ్లర్ ఈ మాటనే న్యూయార్కుకు కొనిపోయినది. అక్కడి లీ స్ట్రాస్‌బర్గ్ అంగీకరింపలేదు. స్వీయస్మృతినే ఆధారముగా నిలిపి ‘మెథడ్’ అను పద్ధతిని వ్యాప్తికి తెచ్చినాడు. దానినుండి గొప్ప నటులు రాలేదని అనుట అన్యాయము. కెమెరా ముఖమునకు అతిసమీపమున నిలుచునప్పుడు కనురెప్ప కదలికయు దాగదు. కావున నిజమైన కన్నీటికై సినిమా ఆశపడినది. కాని ఒకే దృశ్యమును పదిమారులు చిత్రీకరింపవలసి వచ్చినప్పుడు పదిమారులు తల్లి మరణమును తవ్వుకొను నటుని గతి ఏమి? స్మృతి అరిగిపోవును, లేదా గాయము మానకుండును.

స్టానిస్లావ్‌స్కీ అభ్యాసములలో ప్రాణము అను మాట వినబడుట చూచి, ఆయన సర్వము మన ఋషులనుండియే గ్రహించెనని ఘోషించువారు కలరు. ఆయన చదివిన యోగగ్రంథకర్త ‘యోగి రామచరక’ నిజమునకు అట్కిన్‌సన్ అను అమెరికా న్యాయవాది. భరతుని గౌరవమునకు ఇట్టి ఆధారములు అవసరము లేదు.

అభినవగుప్తుని విచారము ఇంకను లోతైనది. నటుని పాత్ర అనుటకు ఆయన చూపిన కారణము మనోహరము: పాత్ర పానీయమును అందించునే గాని రుచి చూడదు. తన సొంత సుఖదుఃఖములకు వశుడగుట రసాస్వాదమునకు విఘ్నమని కూడ ఆయన అన్నాడు. అది ప్రేక్షకుని గూర్చి చెప్పినదే; నటునికి అన్వయించినను దోషము లేదు. కూచిపూడిలో సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మగారిని చూచినవారు ఆ గర్వమును, ఆ విరహమును మరువలేరు. ద్వారకలోని రాణివాసమును గూర్చి ఒక పురుషునికి ఏ స్వీయస్మృతి ఉండును? అడుగు, చూపు, జడ, పదము వీని దీర్ఘాభ్యాసమే అక్కడ భామను నిలిపినది.

దేవాలయమున ఇదియే ప్రతిదినము ఎదురగును. ప్రాతఃకాలమున గర్భాలయమున ప్రవేశించు అర్చకుని వెంట ఇంటిలోని రోగి, తీరని ఋణము, కుమారుని ఉద్యోగచింత కూడ వచ్చును. భక్తి కలుగువరకు అతడు తలుపులు మూసి కూర్చుండడు. ఏనాటిదో ఒక పులకింతను తవ్వి తెచ్చుకొనడు. ఆచమనము, ప్రాణాయామము, సంకల్పము, అంగన్యాసకరన్యాసములు క్రమముగా చేయును. కొన్ని దినములు న్యాసము ముగియకముందే చిత్తము కుదురును. కొన్ని దినములు నీరాజనము వరకు కుదురదు. ఆ పూజ నటనయే కదా అని అడుగువారు లేకపోలేదు. పుష్పము స్వామి పాదములయందే ఉంచబడినది, మంత్రము స్వరలోపము లేక పలుకబడినది, మనస్సు తప్పిపోయిన ప్రతిమారు వెనుకకు తేబడినది. కన్నీరు ఆ దినమున రాలేదు, అంతే.