వద్దని చెప్పగల యంత్రము

ఆస్పరిలో టమోటా వేలము ముగిసి, బాక్సులు లారీల కెక్కి, హమాలీలు తలగుడ్డలు విప్పి ముఖములు తుడుచుకొనుచున్న వేళ, మండీ అరుగుమీద కూర్చున్న ఒక రైతు ఫోనును ఆయన అక్క కొడుకు, బెంగుళూరులో ఉద్యోగము చేయుచు సెలవునకు వచ్చినవాడు, తన చేతిలోనికి తీసికొని, "ఐదు నిమిషాల్లో అయిపోతాది మామా, అడిగిందానికి చెప్పు సాలు" అనుచు ప్రశ్నలు చదువసాగెను. మనుష్యుని ప్రమేయము లేకయే మన ధనమును ఎందెందు ఎంతెంత మదుపు పెట్టవలెనో నిర్ణయించి చెప్పు రోబో సలహాదారు ప్రశ్నలవి. నెలకు ఆదాయమెంత అనునది మొదటిది. "యా నెలది చెప్పాల అల్లుడా?" అని రైతు అడిగెను. టమోటా కోతల రెండు మూడు నెలలలో వచ్చునదా, పత్తి తీసి ఆదోని యార్డునకు తోలిన దినమున వచ్చునదా, వానలు తప్పినయేట ఇంటికి తాళము వేసి గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకు సుగ్గికి పోయినపుడు వచ్చునదా? యంత్రమునకు కావలసినది ఒక్క అంకె. కుఱ్ఱవాడు మనసులో ఏదో భాగహారము చేసి ఒక అంకె కొట్టెను.

పిదప వచ్చిన ప్రశ్న నా మనసునుండి నేటికిని పోలేదు. మీరు పెట్టిన సొమ్ము ఒక్క నెలలో నూటికి ఇరువది వంతులు తగ్గినచో మీరేమి చేయుదురు? అంతయు అమ్మివేయుదురా, కొంత అమ్ముదురా, వేచియుందురా, ఇంకను కొందురా? మేనల్లుడు దానిని తెనుగు చేసి చెప్పగా ఆ పెద్దమనిషి క్షణమైనను తడుముకొనలేదు. "ధర పడితే యాం జేస్తాం? కాయ రోడ్డు మింద పారబోసి మల్లా నారు నాటుకుంటాం." కుఱ్ఱవాడు "ఇంకను కొందును" అను గడిని నొక్కెను. యంత్రము ఆయనను మిక్కిలి సాహసము గల మదుపరుల తరగతిలో చేర్చి, నెలకు ఐదువేల రూపాయలు, అందులో అధికభాగము షేర్ల ఫండులలో, సిప్ గా పెట్టుమని రంగుల చక్రమొకటి గీచి చూపెను.

ఆ యంత్రము అబద్ధమాడలేదు. అది చెడిపోయినదియు కాదు. ఇరువది వంతులు కాదు, ఎనుబది వంతులు ధర పడుటను కన్నులార చూచి, మరునాడు ఎద్దులను కట్టినవాడు నిజముగానే ధైర్యవంతుడు. కాని నష్టమును ఓర్చుకొనుట వేరు, దానిని భరించు తాహతు కలిగియుండుట వేరు. మొదటిది స్వభావము, రెండవది లెక్క. ఏటేట వానమీదను ధరమీదను సర్వస్వమును ఒడ్డుచున్నవానికి చేత మిగిలిన కొంచెపు సొమ్మైనను కదలక మెదలక ఉండు చోట ఉండవలెను గాని, అతని ధైర్యమునే సాక్ష్యముగా గైకొని ఆ సొమ్మునుకూడ ఒడిదుడుకులలోనికి త్రోయుట సలహా యనిపించుకొనదు. తొలకరి వానకు జొన్నగిరి, తుగ్గలి చేలలో వజ్రములు వెదకుటకు చద్దిమూటలతో వచ్చువారిని చూచి, వీరందఱు సాహసము గల మదుపరులని ఎవరైన వ్రాసికొందురా?

ఈ విద్య చెడ్డదని చెప్పుట నా ఉద్దేశము కాదు. హ్యారీ మార్కోవిట్జ్ అను అమెరికా ఆర్థికవేత్త 1952లో ప్రకటించిన వ్యాసములో, సొమ్మును ఒక్కచోట పెట్టక, ఒకటి పడినపుడు తోడనే రెండవది పడని విధముగా పలుచోట్ల పంచినచో, ఆశించు ఫలము తగ్గకుండగనే అపాయమును తగ్గింపవచ్చునని గణితముతో నిరూపించెను. ఆ కృషికే 1990లో నోబెల్ బహుమతి పంచుకొనెను. ఆ గణితమును సామాన్యుని చేతికి అందించుటకు పూర్వము జీతగాండ్రైన సలహాదారులు కావలసివచ్చెడివారు. 2010లో న్యూయార్కులో బెటర్‌మెంట్ అను సంస్థ తన సేవను ప్రారంభించి, ఆ పనిని కంప్యూటరుచే చేయించి, కాలక్రమమున ఏడాదికి నూటికి పావలా వంతు రుసుముతో సరిపెట్టవచ్చునని చూపినది. మన దేశమున బెంగుళూరులోని స్క్రిప్‌బాక్స్, ఫిస్‌డమ్, మన హైదరాబాదులో అచ్చముగా మన పేరే పెట్టుకొన్న అర్థయంత్ర వంటి సంస్థలు ఈ త్రోవను పట్టినవి. అరువదివేల రూపాయల మదుపుమీద పావలా వంతనగా ఏటికి నూటయేబది రూపాయలు. ఆ నూటయేబదికి కర్నూలునుండి బస్సెక్కి ఆస్పరికి వచ్చి సలహా చెప్పు మనుష్యుడు లేడు, ఉండబోడు. కనుక యంత్రము వలదనుట, ఈ ప్రాంతమునకు సలహాయే వలదనుటతో సమానము. ఇది నేను నమ్మి వ్రాయుచున్న మాట.

నా చింత యంత్రమును గూర్చి కాదు, దానిని అమ్ము మాటను గూర్చి. స్టార్టప్ వారు మొదట వెంచర్ పెట్టుబడిదారుల యెదుట నిలుతురు. అచ్చట చెప్పునది వ్యాప్తి కథ: ఈ దేశమున పొదుపు చేయువారు కోట్లమంది గలరు, వారిలో మ్యూచువల్ ఫండు ముఖము చూచినవారు స్వల్పము, ఒక్కొక్క ఖాతాదారుని సంపాదించుట కగు ఖర్చు ఇంత, అతడు మనతో నుండు సంవత్సరములలో మనకు రాగల రాబడి అంత, పదివేలమందికి చెప్పు సలహానే పదికోట్లమందికి చెప్పినను ఖర్చు పెరుగదు. 2024 అక్టోబరులో ఒక్క నెలలో సిప్ ల ద్వారా ఫండులలోనికి చేరిన సొమ్ము 25,000 కోట్ల రూపాయలు దాటినదను సంగతి ఆ సభలలో మంత్రమువలె పనిచేయును. ఆ కథలో అబద్ధము లేదు. కాని దానిలో లాభమునకు కొలత ఖాతాదారు పెట్టిన సొమ్ము యొక్క పరిమాణమే. అతడు పెట్టకుండుట సంస్థకు శూన్యము. పెట్టినది తీసికొని అప్పు తీర్చుకొనుట సంస్థకు నష్టము.

తరువాత వారు బ్యాంకుల గడప ఎక్కుదురు. అచ్చట స్వరము మాఱును. మీ డిపాజిట్లు మెల్లమెల్లగా ఫండులవైపు జారిపోవుచున్నవి, పోవు సొమ్మును ఆపలేనపుడు పోవుదారిలో మీరే సుంకము వసూలు చేసికొనుడు, యంత్రము మాది, పేరు మీది, మీ యాప్ లోనే ఒక గడిగా అమర్చెదము, వడ్డీతో సంబంధము లేని ఆదాయము మీ లెక్కలలో చేరును. బ్యాంకునకు ఇది తియ్యని మాట. స్టార్టప్ నకు సైతము దీని అవసరము గలదు, ఏలయనగా ఖాతాదారుని నమ్మకమును సంపాదించుటకే ఈ వ్యాపారమున అన్నిటికంటె ఎక్కువ వ్యయమగును. బ్యాంకువద్ద అది తరతరములుగా పేరుకొని యున్నది. పెద్ద బ్యాంకులు సొంతముగా నడుపబోయి విరమించుకొన్న ఉదాహరణములును ఉన్నవి: స్విట్జర్లాండునకు చెందిన యూబీఎస్ బ్రిటనులో నెలకొల్పిన స్మార్ట్‌వెల్త్ సేవను 2018లో మూసివేసినది, గోల్డ్‌మన్ శాక్స్ తన మార్కస్ ఇన్వెస్ట్ ఖాతాలను 2024లో పైన చెప్పిన బెటర్‌మెంటునకే అప్పగించినది. అందుచేత ఇరువురును కలిసి నడుచుట నేటి పద్ధతి.

ఈ రెండు సభలలోను లేనివాడు మూడవవాడు, అనగా ఎవరి సొమ్మును గూర్చి ఈ మాటలన్నియు జరుగుచున్నవో అతడు. అతనికి చేరునది ఒక్క మాట: సులభము. తెలుగునాట ఈ మాట చరిత్ర మనకు తెలియనిది కాదు. డిపాజిట్లు సేకరించి చేతులెత్తివేసిన అగ్రిగోల్డు సంస్థ ఏజెంటు వచ్చి ఇంటివద్దనే సొమ్ము తీసికొని రసీదిచ్చి పోవుట కంటె సులభమైనది మరేమి గలదు? పలు రాష్ట్రములలో కలిపి సుమారు 32 లక్షల డిపాజిటుదారులు ఆ సౌలభ్యమునకు చిక్కిరి. మార్కెట్టు నియంత్రణ సంస్థయైన సెబీ ఎరుకలో నడచు ఫండు వ్యాపారమును దానితో ఒకే త్రాటికి కట్టుట అన్యాయము. ఇచ్చట సొమ్ము ఫండు ఆస్తిగా వేరొక సంరక్షకునివద్ద నుండును, యూనిట్ల లెక్కను హైదరాబాదులోని కేఫిన్‌టెక్ వంటి రిజిస్ట్రారులు వ్రాసియుంచుదురు, రేపు స్టార్టప్ మూతపడినను యూనిట్లు మదుపరి పేరనే నిలిచియుండును. మోసమునుండి రక్షణ గలదు. అయితే అనుచితమైన సలహా మోసము కాదు, దానినుండి కాపాడు గోడ అంత ఎత్తుగా లేదు.

గోడ లేకపోలేదు. సెబీ 2013లో చేసిన మదుపు సలహాదారుల నియమావళి, సలహా చెప్పుటకు పూర్వము వయస్సు, లక్ష్యము, ఆదాయము, ఉన్న ఆస్తులతోపాటు ఖాతాదారుని అప్పులను సైతము తెలిసికొనవలెనని స్పష్టముగా విధించినది. యంత్రము ద్వారా అపాయపు అంచనా వేసినచో ఆ యంత్రము ఆ పనికి తగినదై యుండవలెనని, దాని లోపములను గుర్తించి సరిచూడవలెనని కూడ చెప్పినది. కాని ఈ కట్టుబాటు సలహాదారుగా నమోదైనవారికి. కమీషను తీసికొని ఫండులను పంపిణీ చేయువారికి ఇది ఇంత గట్టిగా వర్తింపదు. ప్రజలు వాడు యాప్ లలో ఈ రెండవ జాతివియు గలవు. 2013 జనవరినుండి కమీషను లేని డైరెక్టు ప్లానులు ప్రతి ఫండునందును ఉన్నవి. అయినను, తెరమీద "సలహా" అని కనబడినపుడు దాని వెనుక కమీషనున్నదా, రుసుమున్నదా అని ఆరాతీయు రైతు ఎందఱిలో ఒకడు?

మన రైతువద్దకు మరలి వత్తును. ఆ దినమున ఆయనకు ఖర్చులు పోను మిగిలినది అరువదివేలు. నేను ప్రక్కనుండి అడిగితిని, అప్పేమైన ఉన్నదా అని. లక్ష రూపాయలు, ప్రోనోటు మీద, నూటికి రెండు రూపాయల వడ్డీ. అనగా నెలకు రెండువేలు, ఏటికి ఇరువదినాలుగు శాతము. షేర్ల ఫండు ఏటికి పండ్రెండు శాతము ఇచ్చుననియే అనుకొందము. ఇచ్చునని ఎవరును పూచీ పడరు. ఆ అరువదివేలు అప్పునకు కట్టినచో ఏటికి పదునాలుగువేల నాలుగువందల వడ్డీ నిలిచిపోవును, దానికి మార్కెట్టు పడుట లేచుటలతో పనిలేదు. ఇరువదినాలుగు శాతము ఖాయమైన ఫలమిచ్చు మదుపు ఆయన చేతికందు దూరముననే యుండగా, ఫోనులోని చక్రము దానిని చూపలేదు. నేను చూచుచున్నంతసేపు అప్పును గూర్చిన ప్రశ్నయే రాలేదు.

బ్యాంకువారు దీనిని గూర్చి అందఱికంటె ముందుగా ఆలోచింపవలసినవారు. ఈ సీమలో రైతు పంటరుణము, బంగారముమీది అప్పు, మహిళాసంఘపు రుణము, ఉపాధిపని కూలి, అన్నియు ఒక్క బ్యాంకు పుస్తకములలోనే కనబడును. రాయలసీమ గ్రామీణ బ్యాంకు 2006లో ఇతర గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రగతిగా మాఱి, 2025 మే 1న రాష్ట్రములోని తక్కిన గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు ఐనది. ఇట్టి సంస్థకు తెలిసినంత సంగతి ఏ స్టార్టప్ నకును తెలియదు. సొమ్ము ఏ నెలలో వచ్చునో, ఏ నెలలో ఇంటికి తాళము పడునో, నగలు తాకట్టు ఎప్పుడు పోవునో ఖాతా చూచి చెప్పవచ్చును. ఈ ఎరుకను ఎవనికి ఫండు అంటగట్టవచ్చునో వెదకుటకు వాడవచ్చును, ఎవనిని ఇప్పుడు వలదని ఆపవలెనో తెలిసికొనుటకును వాడవచ్చును. మార్చి నెల టార్గెట్ల వేడిలో మొదటిది సులువు. రెండవదానికి బ్యాంకు యాజమాన్యము ముందుగానే ఒక నిర్ణయము చేసికొనవలెను.

ఆ నిర్ణయము ఒప్పందపు పత్రములో నుండవలసినది. బ్యాంకు స్టార్టప్ నకు ఇచ్చు ప్రతిఫలము చేరిన సొమ్మునుబట్టి గాక, సలహా పొందిన ఖాతాదారుల సంఖ్యనుబట్టి స్థిరమైన రుసుముగా నుండవలెను. "ఈ యేడు మదుపు వలదు, మొదట అప్పు తీర్చుడు" అని చెప్పిన సలహాకును "పెట్టుడు" అని చెప్పిన సలహాకును ఒక్కటే వెల యుండవలెను. నెలసరి ఆదాయము అను గడి స్థానమున పంట, కోత, వలస అను మాటలుండవలెను. నెలనెల కోతకు బదులు, పత్తి సొమ్ము చేరిన దినమున ఇంత అను పద్ధతి సాధ్యము. కంప్యూటరునకు అది కష్టమైన పని కాదు, అడుగువారు లేక జరుగలేదు. 2025లో సెబీ ప్రోత్సహించిన రెండువందల యేబది రూపాయల చిన్న సిప్ మంచిదే, కాని నూటికి రెండు వడ్డీ కట్టుచున్నవానికి రెండువందల యేబదియు దుబారాయే.

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును నెలకొల్పినపుడు నేతగానికి నూలు ఇచ్చుట, గుడ్డ అమ్మిపెట్టుట అను రెండు పనులు సులభము చేసిరి, కాని ఆ నేతగాడు సంఘములో సభ్యుడు. నిర్ణయము జరుగు గదిలో అతని కొక కుర్చీ యుండెను. ఈ యంత్రములను గ్రామములకు తెచ్చువారు ప్రశ్నావళిని ఖరారు చేయుటకు పూర్వము ఒక్క దినము ఆదోని పత్తియార్డులోనో, ఆస్పరి మండీలోనో కూర్చుండి, తమ ప్రశ్నలను తెలుగులో చదివి, వచ్చిన జవాబులను విని పోవలెనని నేను చేతులు జోడించి కోరుచున్నాను.

ఆ దినమున మేనల్లుడు ఫోను జేబులో పెట్టుకొని కొంతసేపు మాట్లాడలేదు. "మామా, ఆ ప్రోనోటు ఎవరికాడుంది?" అని అడిగెను. సాయంకాలము ఇద్దఱును మోటారుసైకిలుమీద పోయి, అప్పిచ్చినాయన ఇంటి వాకిట దీపము క్రింద, నోటు వెనుక తేదీ వేయించి, అరువదివేలు ముట్టినట్లు చెల్లు వ్రాయించి, ఆయనచే సంతకము పెట్టించుకొని వచ్చిరి.