ఓటమి నొప్పుకొను మర్యాద

వేసవి సెలవులకు ముందొక సాయంకాలమున తొమ్మిదవ తరగతి బాలుడొకడు హాస్టలు వరండాలో, తన్ను చూడవచ్చిన అన్నగారి సెల్లుఫోనుమీద కార్డులాట యొకటి యాడుచుండగా మేము వెనుకనుండి చూచితిమి. ఆట మొదలై నాలుగైదు నిమిషములైన కాలేదు. వాడు తెరమూలనున్న గుర్తును నొక్కి, ఓటమి నొప్పుకొను మీటను తాకి, ఆట ముగించివేసెను. మేము వానిని పిలిచి, పూర్తిగా ఓడకమునుపే చేతులెత్తివేయుట పిరికితనమని గట్టిగా మందలించితిమి. లెక్కల పరీక్షలో మూడవ ప్రశ్న రానందున కాగిత మిచ్చి లేచిపోవువానికిని నీకును భేదమేమని కూడ నంటిమి.

వాడు తలవంచుకొని వినెను. పిమ్మట మెల్లగా, "మాస్టరుగారూ, నాకు మిగిలిన ప్రాణములు మూడు. వచ్చే వంతులో అవి పోవును. దానిని ఆపగల ముక్క నా కట్టలో ఒక్కటియు లేదు. ఆవలివానిని ఊరక కూర్చుండబెట్టుట యెందుకని విడిచితిని" అనెను. మాకు వెంటనే బదులు తోచలేదు. ఆ తరువాత తోడి ఉపాధ్యాయులు నవ్వుచున్నను లెక్కచేయక, ఈ యాటల సంగతి కొంత తెలిసికొంటిమి. మా మందలింపులో సగము తప్పని యిప్పుడు తోచుచున్నది. ఆ సగమును దిద్దుకొనుటకే ఈ వ్యాసము.

వాడాడినది అమెరికాదేశపు ఆట. రిచర్డ్ గార్ఫీల్డ్ అను గణితవేత్త కల్పింపగా 1993వ సంవత్సరమున 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' అను పేర వెలువడినది. ఎవరి కట్టను వారే 60 ముక్కలకు తగ్గకుండ కూర్చుకొని వత్తురు. ఇరువురును 20 ప్రాణములతో మొదలుపెట్టుదురు. 2019లో 'అరీనా' అను పేర నిది తెరమీదికి వచ్చినది. అంతకు ముందే 2014లో 'హార్త్‌స్టోన్' అను మరియొక ఆట వచ్చి, తెరమీది కార్డులాటలకు మిక్కిలి ప్రచారము తెచ్చినది.

మ్యాజిక్ నిబంధనలయందు ఆటగాడు ఏ క్షణముననైనను ఓటమి నొప్పుకొనవచ్చునని స్పష్టముగా నున్నది. ఒప్పుకొన్నవాడు తక్షణమే యోడినట్లు. ఎదుటివాని యనుమతి యక్కరలేదు. కావున మా విద్యార్థి నియమమును మీరలేదు. చదరంగమునందును ఆరితేరినవారు రాజు కట్టువడువరకు కూర్చుండుట యరుదు. మిగిలిన యెత్తులు నీకు తెలియునని నే నెరుగుదునని ఎదుటివానికి చెప్పుటయే ఆ విరమణ. దానిని పిరికితన మనువారు లేరు.

మన పెద్దలకు మాత్ర మిది క్రొత్తదా? రమ్మీలో 13 ముక్కలు చూచుకొని మొదటనే డ్రాప్ చేసినవానికి 20, నడుమ విడిచినవానికి 40, కడవరకు కూర్చుండి యోడినవానికి హెచ్చుగా 80 లెక్క వేయుట వాడుక. విడుచుట కొక వెల, నిలుచుట కొక వెల. 2022లో వచ్చిన 'మార్వెల్ స్నాప్' అను ఆటలో నీ సూత్రమే ప్రాణము. అందు వంతులు ఆరే. గెలుపుమీద నమ్మకమున్నవాడు పణమును రెట్టింపు చేయవచ్చును. రెండవవాడు వెనుదిరిగిన అప్పటి పణమే పోవును, నిలిచిన ఎనిమిది వరకు పోవచ్చును. ఎప్పుడు లేవవలయునో తెలిసినవాడే అందు నేర్పరి. (డబ్బు పెట్టి యాడు ఆటల మాట మే మెత్తుటలేదు. అంతర్జాలమున వానిని తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించినవి. 2025లో దేశమంతటికిని చట్టము వచ్చినది. రమ్మీ లెక్క మాస్టరుగారు వ్రాసిరని యింటిలో ఈ పుట చూపవలదు.)

ఇక అమర్యాద యెక్కడ నున్నది? ఓడుచున్నవాడు విడువకయు ఆడకయు నుండుటలో నున్నది. హార్త్‌స్టోనులో వంతు గడువు 75 సెకనులు. గడువు దగ్గరపడగా టపాకాయ వొత్తివలె నొక త్రాడు తెరమీద కాలుచుండును. ఆలోచించువాని కది సాయము. ఓటమి తెలిసినవాడు కసికొద్ది ప్రతి వంతునను ఆ త్రాడు తుదివరకు కాలనిచ్చుట ఎదుటివాని కాలమును దొంగిలించుటయే. కొందరు ఒప్పుకొను మీట నొక్కక ఫోనునే యార్పివేయుదురట. ఏమనిన నెట్టు పోయినదందురు. మా పల్లెలలో నెట్టు నిజముగనే పోవునని మే మెరుగుదుము గాని, ఓడునప్పుడే పోవు నెట్టును నమ్ముట కష్టము.

గెలుచువానికిని మర్యాద గలదు. ఈ యాటలో అపరిచితులతో మాటలాడుటకు వీలులేదు, మునుపే యేర్పరచిన కొద్ది పలుకులు మాత్ర ముండును. 'బాగుగా నాడితివి' అను పలుకు ఆట ముగిసిన పిమ్మట మెప్పు. ముగియకముందు గెలుచువాడు పంపిన వెక్కిరింత. గెలుపుముక్క చేతనుంచుకొని, వేయక, ఎలుకతో పిల్లివలె నాడువాని యెదుట కూర్చుండవలసిన పనిలేదు. మీట నొక్కి లేచిపోవుటయే తగును.

అయితే చిన్న తమ్ముడో, క్రొత్తగా నేర్చుకొను చెలికాడో ఎంతో యోచించి తన యుపాయమును తొలిసారి నెరవేర్చుకొనబోవుచున్నప్పుడు, ఇంకొక నిమిషము కూర్చుండి దానిని చూచుట మేలని మా యభిప్రాయము. దీనికి మా విద్యార్థులలో సగముమంది యొప్పుకొనలేదు. నలుగురు కలిసి యాడునప్పుడు వేరొక చిక్కు గలదు. మ్యాజిక్‌లో లేచిపోవువాని ముక్కలన్నియు వానితోనే పోవును గనుక మిగిలినవారి లెక్క తారుమారగును. అందుచేత తన వంతు వచ్చువరకు ఆగి లేచుట పెక్కు జట్లలో ఆచారము. పోటీలలో మిత్రునికి ఆట నొప్పగించుట తప్పుకాదు గాని, బహుమానము పుచ్చుకొని యొప్పగించుట నిషిద్ధము.

మా మందలింపులో మేము విడువని రెండవ సగ మొకటి యున్నది. సెలవుల తరువాత ఆ బాలుడే వచ్చి, ఈ మధ్య పెక్కు ఆటలు తొలి 7 ముక్కలు చూడగానే విడిచివేయుచున్నానని చెప్పెను. అవి నచ్చనిచో తిరిగి కలిపి, క్రొత్తగా 7 తీసి, అందొకటి కట్ట యడుగున పెట్టుటకు నిబంధన యున్నదిగదా యంటిమి. అప్పుడును మంచివి రావు, అదృష్టము లేదనెను. మేము కట్టను లెక్కింపుమంటిమి. మిగిలిన ముక్కల ఖర్చు చెల్లించునవి నేలముక్కలు. 60లో అవి 24 ప్రాంతమున నుంచుట వాడుక. వీని కట్టలో 17 మాత్రమే యున్నవి. 7 ముక్కలలో సగటున మూడింటికి చేరువగా రావలసినవి రెండే వచ్చుచున్నవి. ప్రతి యాటను మొదటనే విడుచుటచేత ఈ లోపము వాని కంటబడలేదు. అదృష్టముమీద నేరము మోపి, వెంటనే మరియొక ఆట మొదలిడుచుండెను.

విడుచుటకు ముందు, నన్ను కాపాడగల ముక్క యేది, అది కట్టలో మిగిలియున్నదా అని లెక్కించుకొమ్మంటిమి. 40 ముక్కలలో అట్టివి రెండున్న యెడల ఇరువదింట నొక పాలు. ఒక వంతు నిలిచి చూచుటకు నిమిషము చాలును. ఒక్కటియు లేనిచో నిస్సంకోచముగా లేవవచ్చును.

మా మాటలో సగము తప్పని వానితో చెప్పినప్పుడు, "ఏ సగము, మాస్టరుగారూ?" అని యడిగెను. చెప్పితిమి. ఆదివారమున అన్నగారు మరల వచ్చినప్పుడు వాడు ఏడు నేలముక్కలు చేర్చి, ఏడు ప్రియమైన ముక్కలు తీసివేసి యాడెను. మేమును ప్రక్కన కూర్చుంటిమి. ఆ యాటయు ఓడినాడు గాని, ఈసారి పదునొకండవ వంతున.